సీ నొక్కాలా, జీ నొక్కాలా

మూడు నెలలపాటు మా సపోర్ట్ టీంకి రాత్రిపూట ఒక్క ఫోన్ కూడా రాలేదు. మేనేజర్ అందరికీ కలిపి మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు. శుక్రవారం సాయంత్రం కేక్ కూడా కోశారు. ఆ తర్వాతి వారం ఇంగ్లండ్‌లోని క్లయింట్ అకౌంట్స్ విభాగం నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మూడు నెలల లెక్కలు ముగిస్తుంటే రవాణా చార్జీల పద్దు తక్కువగా కనబడుతోంది, కాస్త చూస్తారా అని.

చూశాం. మొత్తం 11 రాత్రులు, కొన్ని ఇన్వాయిస్‌లలో రవాణా చార్జీ అసలు పడలేదు. సరుకు ధర సరిగ్గానే ఉంది, డిస్కౌంట్ సరిగ్గానే ఉంది, రవాణా దగ్గర మాత్రం సున్నా. ఇలాంటి తప్పుకి ఒక సుఖం ఉంది, దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. బిల్లు పది పౌండ్లు ఎక్కువొస్తే గంటలో ఫోన్ చేసే కస్టమర్, వంద పౌండ్లు తక్కువొస్తే నోరు మెదపడు.

రాత్రి జాబ్‌ని, అంటే రాత్రిపూట ఇన్వాయిస్‌లు వేసే ప్రోగ్రాంల వరసని, నడిపే సీఎల్ ప్రోగ్రాం తెరిచాను. సీఎల్ అంటే ఏ ప్రోగ్రాం తర్వాత ఏది నడవాలో చెప్పే కమాండ్ల భాష. నలభై లైన్లు కూడా లేవు. డిక్లరేషన్లు అయిపోయిన వెంటనే ఉంది ఆ లైను: మాన్‌మెసేజ్, సీపీఎఫ్ 0000. దాని పక్కన, తప్పొస్తే ఏం చేయాలో చెప్పే ఎగ్జిక్యూట్ లేదు, ఏమీ లేదు. ఏఎస్/400 అనే ఐబీఎం కంప్యూటర్ మీద పనిచేసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, ఈ ప్రోగ్రాంలో ఎక్కడ ఏ కమాండ్ ఫెయిలైనా పట్టించుకోకు, కింది లైనుకి పో అని.

పెట్టింది మా టీంలోనే రెండేళ్ళుగా ఉన్న కుర్రాడు. వరంగల్ వైపు నుంచి వచ్చాడు. పనిమంతుడు. ఈ కంప్యూటర్ మీద ప్రోగ్రాంలు రాసే ఆర్‌పీజీ భాష పాత కాలమ్ ఫార్మాట్‌లో ఉన్నా భయపడకుండా చదివే ఈ వయసు పిల్లలు గచ్చిబౌలి మొత్తం వెతికినా ఎక్కువమంది దొరకరు.

"ఇదెందుకు పెట్టావు?" అన్నాను.

"రాత్రి జాబ్ ఆగుతుండే అన్నా. నెలకి నాలుగైదు సార్లు లేపుతుండ్రి. ఇది పెట్టినంక ఒక్క కాల్ రాలే."

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో కానీ రాలేదు. ఎందుకంటే వాడి లెక్కలో తప్పేమీ లేదు. సపోర్ట్ టీం పనితనాన్ని మనం కొలిచేది రాత్రి ఎన్ని కాల్స్ వచ్చాయన్న దానితోనే. ఇంగ్లండ్ వాళ్ళ రాత్రి తొమ్మిది అంటే మనకి ఎండాకాలంలో ఒంటిగంటన్నర, చలికాలంలో రెండున్నర. ఆ టైంలో ఫోన్ మోగకుండా చేసినవాడికి కేక్ కోసి పెట్టింది మనమే.

చిక్కడపల్లిలో మేమున్న పాత ఇంట్లో పింగాణీ ఫ్యూజులుండేవి. ఏప్రిల్‌లో కూలర్ వేస్తే చాలు, ఫ్యూజు కొట్టేసేది. నాన్న విసిగిపోయి ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, అతను లావు రాగి తీగ రెండు పేటలు మెలిపెట్టి బిగించి, "ఇక జన్మలో పోదండీ" అని చెప్పి వెళ్ళాడు. నిజంగానే పోలేదు. రెండో వేసవిలో గోడలో వైరు కమిలిన వాసన వచ్చింది. ఆ లైను చూడగానే నాకు ఆ వాసనే గుర్తొచ్చింది.

ఆ 11 రాత్రుల్లో జరిగింది ఇది. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల రేట్లు ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తాయి. దాన్ని కాపీ ఫైల్ కమాండ్‌తో, ఫార్మాట్ చెక్ చేయొద్దనే ఆప్షన్ పెట్టి, రేట్ల ఫైల్లోకి దింపుతారు. అందులో ఎవరో ఒక కంపెనీ రేటు ఖాళీగా వదిలేశారు. అంకెలుండాల్సిన ఫీల్డులో స్పేసులు పడ్డాయి. ఈ రేట్ల ఫైలు డీడీఎస్ అనే పాత పద్ధతిలో తయారైన ఫైలు. ఎస్‌క్యూఎల్‌తో చేసిన టేబుల్ అయితే రాసేటప్పుడే చెక్ చేసి, చెత్త డేటాని గుమ్మంలోనే ఆపేస్తుంది. డీడీఎస్ ఫైలు రాసేటప్పుడు అడగదు, చదివేటప్పుడు అడుగుతుంది. కాబట్టి పగలు ఎవరో చేసిన తప్పు అర్ధరాత్రి ఇంకెవరి ప్రోగ్రాంలోనో డెసిమల్ డేటా ఎర్రర్‌గా (అంకె ఉండాల్సిన చోట అంకె లేదని) బయటపడుతుంది.

రవాణా చార్జీ వేసే ఆర్‌పీజీ ప్రోగ్రాం ఆ కంపెనీ పేరున్న మొదటి ఆర్డర్ దగ్గరికి రాగానే పడిపోయింది. మామూలుగా అయితే జాబ్ మెసేజ్ వెయిట్‌లో కూర్చుని జవాబు కోసం ఎదురుచూడాలి. కుర్రాడు దానికీ ముందే మందు వేశాడు, జాబ్ డిస్క్రిప్షన్‌లో, అంటే జాబ్ సెట్టింగుల్లో, ప్రశ్నలన్నిటికీ డిఫాల్ట్ జవాబు ఇచ్చేయమని పెట్టాడు. దాంతో ప్రోగ్రాం రద్దైంది. ఆ విషయం ఫంక్షన్ చెక్‌గా, అంటే ఎవరూ పట్టుకోని ఎర్రర్‌గా, పైనున్న సీఎల్‌కి చేరింది. సీఎల్ దాన్ని మింగేసి, తర్వాతి లైనులో ఉన్న ఇన్వాయిస్ ప్రోగ్రాంని పిలిచింది. ఆ ఆర్డర్ నుంచి ఆఖరి ఆర్డర్ దాకా రవాణా చార్జీ లేకుండానే ఇన్వాయిస్‌లు వెళ్ళిపోయాయి. జాబ్ శుభ్రంగా ముగిసింది. శుభ్రంగా ముగిసింది కాబట్టి జాబ్ లాగ్ (ఏం జరిగిందో రాసుకునే చిట్టా) కూడా మిగల్లేదు, మా దగ్గర సెట్టింగ్ అలాంటిది మరి. హిస్టరీ లాగ్‌లో ఆ 11 రాత్రులూ ముగింపు కోడ్ సున్నా, అంటే అంతా సవ్యం. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ మూడు నెలలకి మొరిగినవి కూడా మా కుక్కలు కావు, పక్కింటివి.

నోటుబుక్కులో లేని జవాబు

నేను నీతులు చెప్పే స్థితిలో లేను. 2004లో, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నాది నైట్ షిఫ్ట్. సీనియర్ నా చేతిలో ఒక పొడుగాటి లెడ్జర్ నోటుబుక్కు పెట్టి క్యాబ్ ఎక్కి వెళ్ళిపోయేవాడు. ఎడమవైపు మెసేజ్ నంబర్, కుడివైపు ఏ అక్షరం నొక్కాలో ఉండేది. 0907 (అదే, డెసిమల్ డేటా ఎర్రర్) వస్తే సీ. 1218 వస్తే ఆర్, అంటే రికార్డు ఎవరో లాక్ చేసి పెట్టారు, మళ్ళీ ప్రయత్నించు. 0202 వస్తే నన్ను లేపు. మా పని అదే. ఆకుపచ్చ తెర మీద మెసేజ్ రావడం, నోటుబుక్కులో వేలు పెట్టి వెతకడం, అక్షరం కొట్టడం, ఎంటర్.

ఒక రాత్రి రెండు దాటాక ఇన్వాయిస్ ప్రోగ్రాంలో 0907 వచ్చింది. కింద నాలుగు దారులు చూపించింది, సీ, జీ, డీ, ఎఫ్. సీ అంటే క్యాన్సిల్. డీ, ఎఫ్ అంటే డంప్ (ఆ క్షణాన ప్రోగ్రాంలో ఉన్న విలువల కాపీ) తీసి క్యాన్సిల్. నోటుబుక్కు సీ నొక్కమంటోంది. కానీ సీ నొక్కితే రన్ మొత్తం ఆగిపోతుంది, పొద్దున లారీలకి కాగితాలుండవు. క్రితం వారమే ఒకడు అలా సీ నొక్కి తిట్లు తినడం నేను చూశాను. టీం లీడ్ కిందికి వెళ్ళి చాయ్ తాగుతున్నాడు. జీ అంటే 'గో' కదా, ఈ ఒక్క రికార్డు వదిలేసి ముందుకి పోతుంది కదా అనుకున్నాను. జీ నొక్కాను.

జీ అంటే గో కాదు, గెట్‌ఇన్. ఆర్‌పీజీ సైకిల్, అంటే చదవడం, లెక్కగట్టడం, రాయడం తనంతట తానే తిప్పే చక్రం, మళ్ళీ మొదలవుతుంది. ప్రైమరీ ఫైలున్న (సైకిలే చదివిపెట్టే ఫైలున్న) పాత పద్ధతి ప్రోగ్రాం అయితే నేననుకున్నట్టే తర్వాతి రికార్డు చదివేది. ఇది అలాంటిది కాదు, ప్రోగ్రామరే లూప్ రాసుకుని చదివే రకం. సైకిల్ మళ్ళీ మొదలవడమంటే దానికి మొదటి లైను నుంచి నడవడం. మొదటి లైనులో ఏముందంటే, ఫైలు ఆరంభానికి వెళ్ళమని చెప్పే సెట్‌ఎల్ఎల్. పది నిమిషాల తర్వాత మళ్ళీ అదే రికార్డు దగ్గర అదే మెసేజ్ వచ్చినప్పుడు గానీ నాకు వెలగలేదు. అప్పుడు సీ నొక్కాను.

తెల్లారేసరికి మొదటి 340 మంది కస్టమర్లకి తలా రెండు ఇన్వాయిస్‌లు. ఇన్వాయిస్ నంబర్ వేరియబుల్ మాత్రం వెనక్కి పోలేదు, రెండో రౌండులో కొత్త నంబర్లు ఇచ్చుకుంటూ పోయింది. నంబర్లు వేరు కాబట్టి డూప్లికేట్ కీ ఎర్రర్ కూడా రాలేదు. ఇన్వాయిస్ అయిపోయిందన్న గుర్తు పెట్టేది ఆ తర్వాతి ప్రోగ్రాం కాబట్టి అదీ కాపాడలేదు. ఆ 340 క్రెడిట్ నోట్లు వేయడానికి రెండు రోజులు పట్టింది. రిపోర్టులో 'కారణం' అన్న చోట 'ఆపరేటర్ పొరపాటు' అని రాశారు.

సగం ఒప్పుకుంటాను. ఎఫ్1 నొక్కి హెల్ప్ చదివి ఉంటే గెట్‌ఇన్ అని అందులోనే రాసి ఉంది. మిగతా సగం గురించి ఇరవై ఏళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ ప్రోగ్రాం మధ్యలో ఆగితే ఏం చేయాలో తెలిసినవాడు లోకంలో ఒక్కడే, దాన్ని రాసినవాడు. మొదటి లైనులో సెట్‌ఎల్ఎల్ పెట్టింది తనే కాబట్టి జీ నొక్కితే ఏమవుతుందో అతనికి తెలిసే అవకాశముంది. ఎర్రర్ వస్తే నడిచే పీఎస్ఎస్ఆర్ అనే సబ్‌రొటీన్ భాషలో అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఉంది. 2001లో సిస్టం వీ5ఆర్1 వెర్షన్‌తో, ఎర్రర్‌ని పట్టుకుని ఏం చేయాలో రాసుకునే మానిటర్, ఆన్-ఎర్రర్ కూడా వచ్చేశాయి. అతను ఏదీ రాయలేదు. రాయకపోవడం వల్ల నిర్ణయం తప్పిపోలేదు, చేతులు మారింది. పగటిపూట, కుర్చీలో కూర్చుని, అకౌంట్స్ వాళ్ళని అడిగి తీసుకోవాల్సిన నిర్ణయం రాత్రి రెండింటికి ఇన్వాయిస్ అంటే ఏమిటో సరిగ్గా తెలియని ఒక కుర్ర ఆపరేటర్ వేలి కిందికొచ్చి పడింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సీ నా, జీ నా అన్నది సిస్టం అడిగే ప్రశ్నలా కనిపిస్తుంది కానీ అది వ్యాపారం ప్రశ్న. దానికి జవాబు ప్రోగ్రాంతోపాటే రాసిపెట్టాలి. మా కుర్రాడు చేసింది ఆ ప్రశ్న ఎవరినీ అడగకుండా చేయడం. 2004 నాటి ప్రోగ్రామర్ చేసింది దాన్ని అడ్రసు లేని చోటికి పంపడం. నా దృష్టిలో రెండూ ఒకటే తప్పు.

"మరి ఆ రాకెట్టు సంగతేందన్నా"

ఇదంతా నేను రివ్యూలో కాస్త గట్టిగానే చెప్పాను. తప్పు జరిగితే ప్రోగ్రాం ఆగిపోవాలి, అరవాలి, లేపాలి అన్నాను. వాడు తలూపి వెళ్ళాడు. ఆ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఏరియన్ 5 రాకెట్ కథ పంపించాడు. కింద ఒక్క లైను: "ఆగిపోబట్టే గదా అన్నా ఇది పేలింది?"

నాకు తెలిసిన కథే, కానీ ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. 1996 జూన్ 4న మొదటి ఏరియన్ 5, సుమారు 40 సెకన్లకే గాల్లో ముక్కలైంది. రాకెట్టు ఎటు వంగిందో చెప్పే పరికరంలోని సాఫ్ట్‌వేర్ 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంలోకి కుక్కబోయింది, పట్టలేదు. ఆ ఎర్రర్‌కి హ్యాండ్లర్ లేదు. ఎర్రర్ వస్తే ఆగిపోవాలన్న నియమం ప్రకారం కంప్యూటర్ తనని తాను ఆపేసుకుంది. బ్యాకప్ కంప్యూటర్ కూడా అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి క్షణం ముందే అలాగే ఆగిపోయి ఉంది. అసలు విషాదమేమిటంటే, ఆ లెక్కతో రాకెట్టు నేల వదిలాక పనే లేదు. ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్ అలాగే నడుస్తూ ఉండిపోయింది, అంతే. అక్కడ ఎవరైనా మా కుర్రాడి లైను ఒకటి పెట్టి ఉంటే బహుశా రాకెట్టు ఎగిరేది.

ఆ రాత్రి నేను జవాబు ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే జవాబు దొరకలేదు. మర్నాడు పొద్దున అమీర్‌పేట మెట్రోలో రైలు మారుతుంటే తట్టింది. ఆ విచారణ కమిటీ కూడా చివరికి ముంచింది ప్రాసెసర్‌ని ఆపేయాలన్న నిర్ణయమేనని తేల్చింది. అంటే అక్కడ నిర్ణయం లేకపోలేదు, ఉంది. హార్డ్‌వేర్ చెడిపోతే తప్ప ఎర్రర్ రాదు, వస్తే ఆ పెట్టెని ఆపేసి రెండో పెట్టెకి మారిపోదాం అన్నది వాళ్ళ లెక్క. ఏ ఎర్రర్ అయినా సరే ఆపేయ్ అని అందరికీ కలిపి ఒకే జవాబు రాశారు. మా వాడు ఏ ఎర్రర్ అయినా సరే పోనీ అని ఒకే జవాబు రాశాడు. గంపగుత్త జవాబు అటైనా ఇటైనా ఒకటే. రివ్యూలో నేనిచ్చిన 'ఆగాలి, అరవాలి' ఉపన్యాసం కూడా గంపగుత్తదే. ఈ విషయం వాడికి చెప్పాను. "అంటే నేను రైటా?" అన్నాడు. "కాదు, నేను కూడా తప్పు" అన్నాను.

నిజానికి పోనివ్వాల్సిన ఎర్రర్లు రోజూ ఉంటాయి. జాబ్ మొదట్లో పాత వర్క్ ఫైలుని డిలీట్ చేస్తాం. అది అసలు లేకపోతే సీపీఎఫ్ 2105 వస్తుంది. లేని ఫైలుని తీసేయమన్నాం, లేదు అంది, మంచిదే. ఆ ఒక్క కమాండ్ కింద, ఆ ఒక్క నంబర్‌కి మాన్‌మెసేజ్ పెట్టడం తెలివైన పని. ఫైలు చివరికి చేరినప్పుడు వచ్చే సీపీఎఫ్ 0864 అయితే అసలు తప్పే కాదు, లూప్ నుంచి బయటికి రావడానికి సీఎల్‌లో అదే దారి. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ రాసినవాడికి ఏ ఎర్రర్‌ని వదిలేస్తున్నాడో పేరుతో సహా తెలుసు. సీపీఎఫ్ 0000 పెట్టినవాడికి ఏం వదిలేస్తున్నాడో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

అమీర్‌పేటలో నేను నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో సార్ ఇదే లైనుని బోర్డు మీద రాసి, "ఇది పెట్టేయండి, ప్రోగ్రాం ఎప్పుడూ పడదు" అని చెప్పేవారు. రెండు నెలల కోర్సులో ఎర్రర్ హ్యాండ్లింగ్‌కి పట్టిన సమయం అంతే. ఆయన్ని తప్పు పట్టను. మైత్రీవనం చుట్టూ నలభై బ్యానర్లు పోటీ పడుతున్నప్పుడు, పడిపోయే ప్రోగ్రాం గురించి చెబితే ఎవడు ఫీజు కడతాడు?

చావని ప్రోగ్రాం

ఏఎస్/400 ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతివాడినీ అడిగే ప్రశ్న ఒకటుంది. ప్రోగ్రాం ముగించేటప్పుడు ఎల్ఆర్ అనే ఇండికేటర్‌ని (ఆన్, ఆఫ్ గుర్తుని) ఆన్ చేయడానికీ, ఊరికే రిటర్న్ అనడానికీ తేడా ఏమిటి? జవాబు అందరికీ కంఠతా వచ్చు. ఎల్ఆర్ ఆన్ చేసి ముగిస్తే ఫైళ్ళు మూసుకుంటాయి, వేరియబుల్స్ పోతాయి, మళ్ళీ పిలిస్తే కొత్తగా మొదలవుతుంది. రిటర్న్ మాత్రమే అంటే ప్రోగ్రాం మెమరీలోనే ఉంటుంది, ఫైళ్ళు తెరిచే ఉంటాయి, పిలిచినప్పుడల్లా త్వరగా లేస్తుంది. ఇంతవరకూ చెప్పి అందరూ ఆగిపోతారు. మధ్యలో తప్పు జరిగితే ఏమవుతుందని ఎవరూ అడగరు, నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడూ అడగలేదు.

ఇంకో క్లయింట్ దగ్గర ఏం జరిగిందంటే, డిస్కౌంట్ లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి, ప్రతి ఆర్డర్‌కీ పిలుస్తారు కాబట్టి రిటర్న్‌తో ముగుస్తుంది. ఎవరో మంచి ఉద్దేశంతోనే లెక్క మొత్తాన్ని మానిటర్‌లో పెట్టి, ఆన్-ఎర్రర్ కింద ఖాళీగా వదిలేశారు. ఒక కస్టమర్ రికార్డులో ఏదో తేడా ఉంది, లెక్క సగంలో తెగింది, ఆన్-ఎర్రర్ మింగేసింది. డిస్కౌంట్ వేరియబుల్‌లో అంతకుముందు పిలిచినప్పటి కస్టమర్ తాలూకు 12.5 శాతం అలాగే కూర్చుని ఉంది. అదే ఈయనకీ పోయింది. ఎల్ఆర్ పెట్టి ఉంటే డిస్కౌంట్ సున్నా అయ్యేది. అదీ తప్పే, కానీ ఫోన్ వచ్చే రకం తప్పు.

ఎల్ఆర్ అంటే లాస్ట్ రికార్డ్. 1959లో ఆర్‌పీజీ పుట్టినప్పుడు డేటా అంతా పంచ్ కార్డుల మీద ఉండేది. ఆఖరి కార్డు పడితే పని అయిపోయినట్టే. ముగింపు అంటే ఇన్‌పుట్ అయిపోవడం, అంతకుమించి అర్థం లేదు. ఇప్పుడు మన ప్రోగ్రాం వెనక ఇంకో ప్రోగ్రాం, దాని వెనక ఇంకో జాబ్ వరసగా నిలబడి ఉంటాయి. వాటికి తెలియాల్సింది అయిపోయిందా అని కాదు, ఎలా అయిపోయింది అని. హెచ్1 నుంచి హెచ్9 దాకా హాల్ట్ ఇండికేటర్లు భాషలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఏదైనా ఆన్‌లో ఉండగా ముగిస్తే సిస్టం దాన్ని మామూలు ముగింపుగా ఒప్పుకోదు. ఈ తరంలో అవి వాడినవాడిని నేను చూడలేదు. వాడమనీ అనను, పిలిచిన ప్రోగ్రాంకి నేను పడిపోయానని చెప్పే ఎస్కేప్ మెసేజ్ పంపితే అదే పని ఇంకా చక్కగా అవుతుంది. కానీ అలాంటి వసతి ఒకటి ఉండాలని ఆ పాతకాలం వాళ్ళకి తోచింది, అది గొప్పే.

తప్పుని మింగి మామూలుగా ముగించేవాడు పైనున్న ప్రోగ్రాంనే కాదు, సిస్టంని కూడా మోసం చేస్తాడు. కమిట్‌మెంట్ కంట్రోల్‌ని (మార్పులన్నిటినీ కలిపి ఖాయం చేయడమో, రద్దు చేయడమో చేసే ఏర్పాటుని) యాక్టివేషన్ గ్రూప్, అంటే కలిసి నడిచే ప్రోగ్రాంల గుంపు, స్థాయిలో పెట్టుకున్నామనుకోండి. గ్రూప్ మామూలుగా ముగిస్తే, మనం కమిట్ అనకపోయినా పెండింగ్‌లో ఉన్న మార్పులన్నిటినీ సిస్టమే కమిట్ చేసేస్తుంది. అసాధారణంగా ముగిస్తే రోల్‌బ్యాక్ చేసి వెనక్కి తీసేస్తుంది. అంటే పడిపోవడమే అక్కడ రక్షణ. డబ్బు ఒక ఖాతాలో తీసి రెండో ఖాతాలో వేసేలోపు తప్పు జరిగిందనుకుంటే, పడనివ్వకుండా పట్టుకుని "అంతా బాగానే ఉంది" అని చెప్పిన ప్రోగ్రాం మాటని సిస్టం నమ్ముతుంది. నమ్మి సగం పనికి ముద్ర వేస్తుంది.

పాతిక

చివరికి ఆ సీఎల్‌ని ఇద్దరం కూర్చుని మార్చాం. మార్చాం అన్నాను కానీ టైపు చేసింది వాడే, నేను పక్కన ఉస్మానియా బిస్కెట్లు తిన్నాను. గంపగుత్త మాన్‌మెసేజ్ పోయింది. డిఫాల్ట్ జవాబు పోయింది. ఆర్‌పీజీలో రేటు చదివే ఒక్క చెయిన్ (రికార్డు వెతికి తెచ్చే కమాండ్) చుట్టూ మానిటర్ పెట్టి, తప్పొస్తే ఆ ఆర్డర్‌ని స్టేటస్ కోడ్‌తో, కస్టమర్ నంబర్‌తో, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ పేరుతో ఒక పక్క ఫైల్లో రాసి, దాని ఇన్వాయిస్ ఆపి, తర్వాతి ఆర్డర్‌కి పోయేలా చేశాడు. ఇంకేదైనా తెలియని తప్పొస్తే ఆగి, సీపీఎఫ్ 9898తో ఎస్కేప్ మెసేజ్ పంపుతుంది. జాబ్ ముగింపు కోడ్ సున్నా కాకుండా 20 అవుతుంది, జాబ్ లాగ్ మిగులుతుంది. మెసేజ్‌లో ఏముండాలన్న దాని మీదే ఎక్కువసేపు వాదించుకున్నాం. వాడు మొదట 'రేట్ల ప్రోగ్రాంలో ఎర్రర్' అని రాశాడు. అది చదివి రాత్రి రెండింటికి నువ్వేం చేస్తావని అడిగాను. కొంచెంసేపు చూసి, తుడిచేసి, 'ఈ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ రేటు ఖాళీగా ఉంది, ఇన్వాయిస్‌లు ఆగాయి, డేటా మార్చకుండా మళ్ళీ నడపొద్దు' అని రాశాడు.

అక్కడితో అయిపోలేదు. ఒక్క ఆర్డర్ చెడితే పక్కన పెట్టి ముందుకెళ్ళడం సరే. రోజుకి వచ్చే ఆర్డర్లన్నీ చెడితే? అప్పుడు పక్క ఫైలు నిండిపోతుంది, ఒక్క ఇన్వాయిస్ కూడా వెళ్ళదు, జాబ్ మాత్రం "అయిపోయింది" అంటుంది. కాబట్టి ఎన్ని దాటితే ఆగాలన్న హద్దు కావాలి. ఆ హద్దు మేం పెట్టేది కాదు కదా, ఇది వ్యాపారం ప్రశ్న అని ఇంతసేపూ నేనే ఉపన్యాసం ఇచ్చాను. క్లయింట్‌కి మెయిల్ పెట్టాం.

అకౌంట్స్ నుంచి జవాబు: ఒక్క ఇన్వాయిస్ తేడా వచ్చినా మొత్తం ఆపేయండి. గంట తర్వాత గోదాము మేనేజర్ జవాబు, అందరినీ కాపీలో పెట్టి: పొద్దున ఐదింటికి లారీలు కదలాలి, కాగితాల్లేకుండా గేటు దాటవు, వంద తేడాలొచ్చినా ఆపొద్దు. వాళ్ళిద్దరి మధ్య ఇంకో నాలుగు మెయిళ్ళు తిరిగాయి. మర్యాదగానే, కానీ ప్రతి మెయిల్‌కీ కాపీలో ఒక మెట్టు పైవాళ్ళు చేరుతూ వచ్చారు. చివరి దాంట్లో ఎవరో పెద్దాయన, ఇది సాంకేతిక విషయం కదా, హైదరాబాద్ టీంనే నిర్ణయించమనండి అని రాశారు.

సాంకేతిక విషయం కాదని, కారణాలు రాసి తిరిగి పంపాను. మూడు వారాలైంది. ఈలోగా జాబ్ నడవాలి కాబట్టి హద్దుని ఒక డేటా ఏరియాలో పెట్టాం, నిర్ణయం రాగానే మార్చుకోవచ్చని. నిన్న చూస్తే అందులో 25 ఉంది.

"పాతికే ఎందుకు పెట్టావు?" అన్నాను.

"ఏదో ఒకటి పెట్టాలె గదా అన్నా. మా ఇంటి నంబర్."